చుక్కలాయన చెవి

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదో, తొంభయ్యో. ఏడాది సరిగ్గా చెప్పమంటే చెప్పలేను కానీ, సిరిసిల్ల పోస్టాఫీసు కౌంటరులో అది నా రెండో ఎండాకాలమని మాత్రం బాగా గుర్తు. ఎందుకంటే మొదటి ఎండాకాలమంతా గొంతు పోగొట్టుకుని తిరిగాను. ఆ ఊళ్ళో ఏ వీధిలో నిలబడ్డా సాంచాల చప్పుడే. సాంచా అంటే పవర్‌లూమ్. మా ఆఫీసు వెనక గోడకు ఆనుకునే ఒక షెడ్డు, అందులో ఇరవై సాంచాలు. కార్డు కావాలన్నా, కవరు కావాలన్నా అవతలివాళ్ళు అరవాలి, జవాబుగా నేనూ అరవాలి. జగిత్యాలలో ఉన్నన్నాళ్ళూ నా మాట పక్కింటికి వినపడేది కాదని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. సిరిసిల్ల నన్ను గయ్యాళిని చేసింది. మా ఆయన ఈ మాట ఇప్పటికీ అంటాడు, నేనూ కాదనను.

ఆ చప్పుడు ఆగితేనే మాకు భయం. అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్ పిలిచినా, ఏదో ఒక ఊరి పొలిమేరలో ఎన్‌కౌంటర్ అయిందన్నా సాంచాలు ఆగిపోయేవి. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దమైతే కౌంటరు ముందున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. బస్టాండు దగ్గర ఇసుక బస్తాలు పేర్చి పోలీసు పికెట్ పెట్టారు. ఆ దారిన పోయేవాళ్ళు చేతులు కనిపించేలా నడవడం అలవాటు చేసుకున్నారు.

నా డ్యూటీ స్టాంపులు, రిజిస్టర్లు చూడటం. అసలు పని మాత్రం ఉత్తరాలు రాసిపెట్టడం. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న మగవాళ్ళకు ఇళ్ళ నుంచి పోయే ఉత్తరాలు సగం నా చేతిరాతే. అది మా పని కాదు, రూల్ లేదు. కానీ అడిగితే కాదనేవాళ్ళు ఆ రోజుల్లో పోస్టాఫీసులో తక్కువ. 'ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము' అన్నది నా పెన్ను దానంతటదే రాసేసేది.

ఒకరోజు మధ్యాహ్నం రాజేశం వచ్చాడు. నలభై దాటిన మనిషి, సాంచాల మెకానిక్. ఊళ్ళో ఏ సాంచా మొరాయించినా ఆయన కోసమే కబురు. నా కౌంటరుకు వచ్చేవాళ్ళలో అరవకుండా మాట్లాడేది ఆయన ఒక్కడే. ఎంత మర్యాదస్తుడో అనుకునేదాన్ని.

"మేడం, కెనడాకు ఉత్తరం రాయాలె."

"కెనడాల ఎవలున్నరన్నా నీకు?"

"సుట్టం కాదు మేడం. మన చుక్కలాయన."

నాకు నవ్వు ఆగలేదు. ఆదివారం పొద్దున టీవీలో ఒక విదేశీ సీరియల్ వచ్చేది. చుక్కల మధ్య తిరిగే ఓడ, అందులో ఒక జట్టు. వాళ్ళలో ఒకాయన చెవులకు డబ్బాలు పెట్టుకుని, ఎక్కడెక్కడి చుక్కల్లోంచో వచ్చే చప్పుళ్ళు విని కెప్టెన్‌కు చెబుతుంటాడు. ఆయనకు సిరిసిల్ల పెట్టిన పేరు చుక్కలాయన. ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క ఎవరికీ అర్థమయ్యేది కాదు, అయినా టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ చెప్పుల గుట్టలే. ఆయనది కెనడా అని పేపరు ఆదివారం పేజీలో పడింది. అడవుల మధ్య ఊరట, చిన్నప్పుడు కలప కోతమిల్లులో కూలి చేశాడట, రేడియో నాటకాల్లోంచి టీవీకి వచ్చాడట.

"అడ్రస్ లేకుంట ఎట్ల పోతదన్నా ఉత్తరం?"

రాజేశం జేబులోంచి నూలు కండె చుట్టే కాగితం తీశాడు. దాని వెనక ఇంగ్లీషు అక్షరాలు, ముగ్గులు పెట్టినట్టు వరసగా. చుక్కలాయన పేరు, కింద సీరియల్ తీసిన కంపెనీ పేరు, టొరంటో.

"నాకు ఇంగ్లీష్ రాదు మేడం. ఆఖర్ల పేర్లు వడ్తయి గదా, గవి ఉరుకుతయి. వారానికి మూడు నాలుగు అచ్చరాలు వట్టుకున్న. బట్ట మీద డిజైన్ ఎక్కిచ్చినట్టు ఎక్కిచ్చిన. మొన్నటి దసరాకు మొదలు వెడ్తే గిప్పుడు అయింది."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఏరోగ్రామ్ తీశాను. ఏరోగ్రామ్ అంటే విదేశాలకు పోయే పల్చటి నీలం కాగితం. రాసి మడతపెడితే అదే కవరవుతుంది. క్షేమం ముక్క రాయకుండా వదిలేద్దామనుకుంటే ఆయన ఒప్పుకోలేదు. "గదేంది మేడం, మంచి చెడ్డ అడుగకుంటనే సంగతి జొరవడ్తమా?" అని నన్నే మందలించాడు. రాశాను. తర్వాత రాజేశం అటూ ఇటూ చూసి, కౌంటరు మీదికి వంగి, అసలు సంగతి చెప్పాడు.

"రాయుండ్రి. సారూ, నీ కుడిచెవు వినవడది. ఎవలికి తెల్వది గని నాకెర్కైంది. ఎవలు మాట్లాడినా నువ్వు ఎడమ చెవు ఇటు తిప్పుతవు. ఎనక నుంచి పిలిస్తే పక్కోడు మర్రినంక నువ్వు మర్రుతవు. ముందుగాల మూతి జూస్తవు, అటెన్క కండ్లు జూస్తవు. నాకు రెండు చెవులు పోయినయి సారూ, సాంచాల చప్పుడుకు. నువ్వు ఇన్నేండ్లు ఎట్ల దాసినవో గా తరీక నాకు జర చెప్పు."

నేను పెన్ను పెట్టేశాను. ఏడాదికి పైగా ఈ మనిషితో మాట్లాడుతున్నాను. ఆయన అరవకపోవడం మర్యాద కాదన్నమాట. చప్పుడే వినపడని మనిషికి అరిచే పనేముంది? నా అరుపూ ఆయనకు ఎన్నడూ వినపడలేదు. నా పెదవులు చూసి జవాబిచ్చేవాడు. సాంచాల దగ్గర అందరూ మూతి చూసే మాట్లాడుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"ఎందుకన్నా దాసుడు?"

"చప్పుడు ఇనే గదా మేడం మెకానిక్కు రోగం చెప్పేది. చెవిటోన్ని ఏ సేటు వెట్టుకుంటడు? నేను అరచెయ్యి ఆనిచ్చి కనుక్కుంట, గది ఎవలికి తెల్వది. బిడ్డ పదోతరగతిల వడ్డది. దానికి టీచర్ నౌకరి వచ్చేదాంక గిట్లనే ఎల్లదియ్యాలె. మీరు ఎవలికి చెప్పద్దు."

చెప్పనని ఒట్టేశాను. నాకొచ్చిన ఇంగ్లీషులో ఉత్తరం పూర్తి చేశాను. ఇక నేను చేసిన నిర్వాకం వినండి. 'నీ చెవి వినపడదు' అన్న మాట నేను రాయలేదు. అంత పెద్ద నటుడికి, ముక్కూమొహం తెలియనివాళ్ళం, నీకు చెవుడుందని రాస్తామా? ఎంత అప్రతిష్ట! ఇంటర్ చదివిన తెలివి కదా నాది. ఆ ముక్క ఎగరగొట్టి, 'మీ నటన మాకెంతో ఇష్టం' అని నాలుగు తియ్యటి మాటలు పెట్టాను. రాసింది తెలుగులో చదివి వినిపించమన్నాడు. ఎగరగొట్టిన వాక్యాన్ని కూడా కలిపి గడగడా చదివేశాను.

రాజేశం నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"మేడం, గా చెవు మాట చెప్పెటప్పుడు మీ కన్ను కాయితం మీద లేదు."

ముందు ఒళ్ళు మండింది. నన్నే తప్పు పడతాడా అనుకున్నాను. మరుక్షణం సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కాగితంలో చోటు అయిపోయింది. పక్కన జిగురు రాసే మడత మీద, చీమల్లాంటి అక్షరాలతో, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆయన ముందే డేట్ స్టాంపు కొట్టి సంచిలో వేశాను.

ఏడెనిమిది నెలలు గడిచాయి. నేను మర్చిపోయాను కూడా. ఒక సాయంత్రం మా పోస్ట్‌మన్ ఎల్లయ్య మందపాటి కవరొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కెనడా స్టాంపులు, రిజిస్టర్డ్. రిజిస్టర్డ్ ఆర్టికల్ అంటే అడ్రసీ, అంటే ఎవరి పేరున్నదో ఆ మనిషి, సంతకం పెడితేనే చేతికివ్వాలి. మనిషి దొరక్కపోతే ఏడు రోజులు ఆఫీసులో ఉంచి, వచ్చిన చోటికే వాపసు పంపాలి.

"రాజేశం లేడు మేడం. నిన్న పొద్దుగాల పట్కపోయిండ్రు," అన్నాడు ఎల్లయ్య.

ఎల్లారెడ్డిపేట వైపు ఏదో జరిగిందని ముందురోజు నుంచీ పికెట్ వాళ్ళు బిర్రుగా ఉన్నారట. రాజేశం రాత్రి పని దిగి బస్టాండు ముందు నుంచి ఇంటికి పోతున్నాడు. వెనక నుంచి కానిస్టేబుల్ ఆగమని మూడుసార్లు అరిచాడు. ఈయన ఆగలేదు. తుపాకీ ఎత్తేసరికి చాయ్ హోటలాయన ఎగిరి దూకి రాజేశాన్ని కింద పడేశాడట.

"ఎందుకాగలేదురా అంటే నోరు తెరుస్తలేడంట మేడం. అన్నలకు కొరియర్ అని అనుమానం వడుతుండ్రు."

ఆయన నోరెందుకు తెరవడంలేదో ఆ ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. చెవి వినపడదని చెబితే సాయంత్రానికల్లా సేటుకు తెలుస్తుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆ రోజుల్లో సిరిసిల్లలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. స్టేషన్ గడప దాటి లోపలికి పోయినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. నేను చెప్పేద్దామంటే ఒట్టు వేసి ఉన్నాను.

మర్నాడు ఎల్లయ్యను స్టేషనుకు పొమ్మంటే "నాకు పిల్లలున్నరు మేడం, నా కాళ్ళు గటు నడువయి" అన్నాడు. తప్పు పట్టలేదు. పోస్ట్‌మాస్టరు గారిని అడిగి, కవరూ రసీదూ పట్టుకుని నేనే వెళ్ళాను. కాళ్ళు నాకూ నడవలేదు, ఈడ్చుకుపోయాను.

"గీ ఉత్తరం నాకియ్యమ్మా, నేను జూస్తా," అన్నాడు ఎస్సై. నాలుగు రోజులు నిద్ర లేని మొహం.

"అడ్రసీ చేతికే ఇయ్యాలె సార్. సంతకం గావాలె. రూల్."

"ఏం రూలమ్మా? ఇది పోలీస్ స్టేషన్."

"మీ రూల్ మీదే సార్. నా నౌకరి నాది," అన్నాను. సిరిసిల్ల నేర్పిన గొంతు అప్పుడు పనికొచ్చింది.

ఎస్సై రాజేశాన్ని తీసుకురమ్మన్నాడు. రాజేశం కింది పెదవి చిట్లి ఉంది. కవరు చూసి ఆయన కళ్ళు వెలిగాయి. సంతకం పెట్టాడు. "మేడం, చదువుండ్రి," అన్నాడు. నేను మొహం ఆయనవైపు తిప్పి, నెమ్మదిగా, ఒక్కో వాక్యమే తెలుగు చేసి చదివాను. ఎస్సై కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

'ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.' అలాగే మొదలైంది. మా క్షేమం ముక్కను ఆయన మాకే తిప్పి పంపాడు.

'నీ ఉత్తరం పక్క మడత మీద ఉన్న మాట నాలుగుసార్లు చదివాను. పదిహేడేళ్ళప్పుడు కోతమిల్లు నా కుడిచెవి తినేసింది. రేడియోలో ఎప్పుడూ అందరికీ కుడిపక్కనే నిలబడేవాణ్ణి. సీరియల్లో నాకు వినేవాడి వేషమిచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎదుటివాళ్ళ పెదవులు చూస్తుంటే, ఎంత శ్రద్ధగా వింటాడో అని మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళలో ఏ డైరెక్టరూ, ఏ కెమెరామనూ కనిపెట్టలేదు. నువ్వు కనిపెట్టావు.

'దాచే తరీక అడిగావు. ఉంది. కానీ నేర్పను. ఒకరోజు సెట్టులో పెద్ద లైటు నా మీదికి ఒరిగింది. అందరూ అరిచారు. నాకు వినపడలేదు. లైట్ల కుర్రాడొకడు నన్ను తోసేశాడు, అది వాడి కాలి మీద పడింది. వాడు ఈనాటికీ కుంటుతాడు. వేషం పోతుందని ఆ రోజు కూడా నేను నిజం చెప్పలేదు. నా గురించి తెలిసినవాడివి నువ్వొక్కడివే కాబట్టి నీకు చెబుతున్నాను. దాచకు. ఇది ఎవరికి చూపించాలో వాళ్ళకు చూపించు.'

రాజేశం ఉత్తరం నా చేతిలోంచి తీసుకున్నాడు. తర్వాత ఎస్సైవైపు తిరిగాడు.

"సార్, నాకు చెవులు వినవడయి. రెండూ. మీ పోలీసాయన ఒర్రింది నాకు ఎర్కలేదు."

ఎస్సై రాజేశం వెనక ఉన్న కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. ఆ మనిషి లాఠీతో బల్ల మీద బలంగా కొట్టాడు. నేను ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశాను. రాజేశం రెప్ప వేయలేదు. ఉత్తరంలోని సంతకాన్ని వేలితో తడుముతున్నాడు.

లాఠీ పట్టుకున్నది పికెట్‌లో తుపాకీ ఎత్తిన కానిస్టేబులే. ఆయన మొహం తెల్లబోయింది. "మూడుసార్లు ఒర్రిన సార్. నాలుగోసారి ఒర్రకపోదును," అన్నాడు చిన్నగా. రాజేశానికి ఆ మాట కూడా వినపడలేదు. నేను విన్నాను, ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ పూటే వదిలేశారు. సేటు మాత్రం పని తీసేశాడు. తీపి కబురు చెప్పాలని అబద్ధం ఆడను. ఏడాదిపాటు రాజేశం కండెలు చుట్టి, చాలీచాలక బతికాడు. తర్వాత వేరే ఆసామి ఒకాయన పిలిచి, "చెవితోని నాకేం పని, నీ అరచెయ్యి నడుస్తది గదా" అని పెట్టుకున్నాడు. బస్టాండు పికెట్ వాళ్ళు ఆయన్ను ఆపాలంటే అరిచేవాళ్ళు కాదు, కాళ్ళ ముందు చిన్న రాయి విసిరేవాళ్ళు. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, దండం పెట్టేవాడు.

నేను కోరుట్లకు బదిలీ అయి, అక్కడే రిటైరయ్యాను. ఒకరోజు పేపరులో చుక్కలాయన పోయాడన్న వార్త చూసి, సిరిసిల్ల బస్సెక్కాను. రాజేశం జుట్టంతా నెరిసింది. కూతురు బడికి పోయింది, టీచరమ్మ. మొహం ఎదురుగా పెట్టి చెప్పాను.

"ఆఖరికి గాయిన ఎవలికన్న చెప్పుకున్నడా మేడం?"

"చెప్పిండన్నా, పేపర్ల రాసిండ్రు. నిండు సభల చెప్పిండట. దూరదేశంల ఒక సాంచాల పనోడు కనిపెట్టిండని గూడ చెప్పిండట."

"మంచిగైంది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మోసుకపోలేదు గదా."

నా సర్వీసులో లెక్కలేనన్ని ఉత్తరాల మీద స్టాంపు కొట్టాను. వాటిలో ఒక్కదాన్ని నా పెద్దరికంతో కోసేయబోయాను. ఆ వాక్యమే లేకుంటే జవాబు వచ్చేది కాదు. జవాబు రాకుంటే రాజేశం ఆ స్టేషనులో నోరు తెరిచేవాడే కాదు. కోరుట్లలో గల్ఫ్ ఉత్తరాలు రాసినన్నాళ్ళూ ఆడవాళ్ళు తిట్లు చెప్పినా, ఏడుపులు చెప్పినా ఒక్క ముక్క తగ్గించలేదు. చదివి వినిపించేటప్పుడు మాత్రం, కన్ను కాగితం మీదే ఉంచాను.