తెలియదని చెప్పిన మేడం

మా ఫిలాసఫీ మేడం పోయారు. మొన్న పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే, డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి "మేడం పోయిందే" అంది. ఇద్దరికీ ఫోన్ పెట్టెయ్యాలనిపించలేదు.

ఆమె గురించి మీకు చెప్పాలంటే, ఆమె క్లాసులోకి నేనెలా వచ్చానో ముందు చెప్పాలి. మాది మహబూబ్‌నగర్ దగ్గర ఒక పల్లె. గొర్లే మా బతుకు. డిగ్రీకి కంప్యూటర్ కోర్సు అడిగితే దొరకలేదు. బీఏలో ఫిలాసఫీ మెయిన్‌గా ఉన్న సీటొచ్చింది. మొదటిరోజు మేడం అందరినీ ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నారని అడిగారు. సత్యం తెలుసుకోవడానికని ఒకరు, సివిల్స్ కోసమని ఒకరు అన్నారు. నేను "అదే దొరికింది మేడం" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"మంచిది. ఉన్నది ఉన్నట్టు చెప్పినవ్. మొదలుపెట్టనీకి గంతే కావాలె" అన్నారు.

మేం ఏం చెప్పినా వెంటనే అవుననో కాదనో అనేవారు కాదు. చాక్‌పీసు బల్లమీద పెట్టి, కిటికీ దగ్గరికి పోయి నిలబడేవారు. మా మాట గురించి నిజంగానే ఆలోచిస్తున్నారని అర్థం కావడానికి మాకు చాలా రోజులు పట్టింది. "జల్ది ఒప్పుకోకున్రి, నా మాట గూడ" అనేవారు. మధ్యాహ్నం మాతోనే డబ్బా విప్పేవారు. ఆత్మ ఉందా లేదా అని కొట్లాడుకుంటూ ఆమె పప్పంతా మేమే తినేసేవాళ్లం.

రెండో ఏడు మందకు రోగమొచ్చి సగం జీవాలు పోయాయి. "సదువు బంద్ చెయ్ బిడ్డా. షాద్‌నగర్ల కంపెనీ పనికి పో" అన్నాడు నాయిన. నేను కాలేజీ మానేశాను. ఒక ఆదివారం మేడం బస్సెక్కి మా ఊరొచ్చారు. నాయిన మంచం వాల్చి, నీళ్లిచ్చి, సూటిగా అడిగాడు.

"గీ సదువుతోని నౌకరి వస్తదా మేడం?"

"నాకు తెల్వదు, అన్నా."

తలుపు చాటున ఉన్న నాకు ప్రాణం పోయినంత పనైంది. వస్తుందని ఒక్క మాట అంటే ఏం పోయేది?

"మరి దేనికి సదవాలె?"

"మీ బిడ్డ క్లాసుల ఎట్ల మాట్లాడ్తదో మీరు చూడలె. ఒక్కసారి వచ్చి చూడున్రి. అటెన్క మీ ఇష్టం. మళ్ల నేను అడగ."

నాయిన వచ్చాడు. గొంగడి మడిచి ఒళ్లో పెట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. చనిపోయినవాళ్లకిచ్చిన మాట నిలబెట్టుకోవాలా అన్నది ఆరోజు మేడం ప్రశ్న. అక్కర్లేదన్నాను నేను. ఆమె ఎదురు ప్రశ్న వేశారు. జవాబు చెప్పాను. మళ్లీ అడిగారు. నాయిన ఉన్నాడన్న సంగతే మరచిపోయాను. చివరికి ఆమె కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, "దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచించుకొని రేపొస్త" అన్నారు.

తిరుగు బస్సులో, మా ఊరి మలుపు దగ్గర, నాయిన "అంత పెద్ద మేడం, నీ మాటకు ఆగిపాయె గదనే" అన్నాడు. దిగేటప్పుడు, "రేపు జల్ది తయారుకావాలె. బస్సు తప్పిపోతది" అన్నాడు.

డిగ్రీ అయ్యాక బీఎడ్ చేశాను. ఇప్పుడు నల్లగొండలో ఒక బడిలో సోషల్ చెప్తున్నాను. ఈ నౌకరి ఫిలాసఫీ వల్లే వచ్చిందంటే ఆమే ఒప్పుకునేవారు కాదు. కానీ పిల్లలు అడిగినది నాకు తెలియకపోతే, తెలియదని చెప్పడానికి నాకు సిగ్గనిపించదు. అది ఆమె పెట్టిన భిక్ష.

పోయిన నెల దవాఖానలో ఆమెను చూశాను. బాగా చిక్కిపోయారు. ఏమనాలో తోచక "మీకేం కాదు మేడం" అన్నాను.

"నీకు తెల్సా?"

"తెల్వదు మేడం."

"మరి తెల్సినట్టు చెప్పకు. కూసో, చాలు."

చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. భయమేస్తోందా అని అడిగాను. "అయితుంది. చావు మీద ఎన్ని క్లాసులు చెప్పిన! ఒక్కటి అక్కరకు వస్తలేదు" అని నవ్వారు. తర్వాత నా వేళ్లు గట్టిగా పట్టుకుని, "నువ్వొచ్చినవ్ గద, జర నయముంది" అన్నారు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ముసలి తల్లి, ఆమె, ఇద్దరే ఉండేవారు. దహనం అయ్యాక పాత విద్యార్థులమంతా ఆ ఇంటి ముందు నీడలో నిలబడ్డాం. ఒకతను "మేడం ఆత్మకు శాంతి కలగాలె" అన్నాడు. "ఆత్మ ఉన్నదని మేడం ఎన్నడు ఒప్పుకున్నది?" అంది పక్కనున్న అమ్మాయి. "లేదని గూడ అనలే గద!" అన్నాడతను. మాటలు పెరిగాయి. అంతలో తలుపు పట్టుకుని మేడం తల్లి, ఆ ముసలవ్వ, బయటికొచ్చింది. అందరం తలలు దించుకున్నాం.

"ఎందుకు ఆపిన్రు? నా బిడ్డుంటే ఆపనిస్తుండెనా? మాట్లాడున్రి" అంటూ గడప మీద కూర్చుంది.

ఆ అమ్మాయే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సరే, ఉన్నదనుకుందాం. మరి ఉన్నదని ఎట్ల తెలుస్తది?" అంది. అతను జవాబు వెతుక్కుంటున్నాడు. అవ్వ చెంప అరచేతిలో ఆనించి, అతనేం చెబుతాడోనని చూస్తూ కూర్చుంది.