కళ్లంలో వంచిన బిందె

మొన్న కారం పట్టిద్దామని బజారు నుంచి తెచ్చిన ఎండుమిరపకాయల సంచి విప్పితే ఒక్క తుమ్ము కూడా రాలేదు. మా రోజుల్లో కళ్లంలో ఒకళ్ళు కాయ విరిస్తే పక్క ఊరి గుళ్ళో పూజారిగారు మంత్రం మధ్యలో ఆపి తుమ్మేవారు. ఇది నేను కల్పించింది కాదు, కొంచెం సాగదీసింది, అంతే. అనుమానమొచ్చి సంచి అడుగుదాకా చెయ్యి పెట్టాను. వేళ్ళకి తడి తగిలింది. ఆ తడితో మా మామగారు గుర్తొచ్చి, పొయ్యి మీద పాల సంగతి కూడా మర్చిపోయి అలాగే కూర్చుండిపోయాను.

ప్రత్తిపాడు దగ్గర ఒక నల్లరేగడి ఊరికి నేను కోడలిగా వెళ్ళింది ఎనభైల్లో. పత్తి, మిరప తప్ప మూడో మాట వినిపించని ఊరు. మామగారు అక్కడి చర్చిలో సంఘపెద్ద. దేవుణ్ణి ఆదివారానికని దాచిపెట్టుకునే మనిషి కాదు. సైకిలెక్కే ముందు ప్రార్థన, విత్తనం మూట విప్పే ముందు ప్రార్థన. అన్నం ముందు ఆయన కళ్ళు మూసుకుంటే పులుసు చల్లారి తెట్టు కట్టేది. కొట్టంలో ఎద్దులు కూడా ఆమెన్ వినపడేదాకా నెమరు ఆపేవి. రెండూ అంటే మా ఆడపడుచు ఒప్పుకోదు గానీ, ఒకటి మాత్రం ఖాయంగా ఆపేది. బాప్తిస్మం తీసుకున్ననాడే చుట్ట మానేశారట. మానేసినా సాయంత్రమయ్యేసరికి చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళేది. అందుకని అక్కడ చుట్ట బదులు వేపపుల్ల పెట్టుకునేవారు. ఇన్నేళ్ళయ్యాక కూడా ఆ పుల్లెందుకని ఒకసారి అడిగాను. "సైతాను పెద్ద పెద్ద పనుల మీద మన ఊరు రాడమ్మాయ్. మనబోటి వాళ్ళ దగ్గరికి ఇంతింత చిన్న పనుల మీదే వస్తాడు" అన్నారు.

ఎండుమిరపకాయ మహా పెళుసు. ఎండింది ఎండినట్టు గోతాల్లో తొక్కితే నలిగి గింజలు రాలిపోతాయి. అందుకని ముందురోజు సాయంత్రం రాశి మీద కాసిని నీళ్ళు చిలకరించి కప్పిపెడతారు. తెల్లారేసరికి కాయ మెత్తబడుతుంది. ఇందులో తప్పేం లేదు, అందరూ చేసేదే. తప్పంతా ఎక్కడ ఆపాలన్న దాంట్లో ఉంది. నీళ్ళకీ బరువుంటుంది, కాటా నీళ్ళనీ కాయనీ విడదీసి చూడదు. ఆ చిలకరించే పని ఎప్పుడూ మా అత్తగారిది. చెంబులో వేళ్ళు ముంచి, పసిబిడ్డ మొహాన చల్లినట్టు చల్లేది. ఆ ఏడు కాయకుళ్ళు తగిలి, పంటలో సగం తెల్లబోయిన తాలుకాయే మిగిలింది. ఆ సాయంత్రం అత్తగారు చెంబు తీసుకుని లేవబోతుంటే మామగారు "నువ్వుండవే" అని, నిండు బిందె ఎత్తి రాశి మీద వంచేశారు. ప్రార్థన చెయ్యకుండా ఆయన మొదలుపెట్టిన పని నేను చూసింది అదొక్కటే. అత్తగారు నా వంక చూసింది. నేను గోతాలు కుట్టే దబ్బనం వంక చూశాను. మర్నాడు సాయిబుగారు వచ్చి కాటా వేయించి, ఎప్పట్లాగే తరుగని బస్తాకింత తూకం తగ్గించి, బస్తాలు ఎత్తించుకుపోయారు. సాయిబుగారంటే పక్క ఊరి మిర్చి వ్యాపారి. కళ్లాల్లోనే కాయ కొని గుంటూరు యార్డుకు తోలేవారు. మామగారూ ఆయనా బావా అంటే బావా అనుకునేవారు.

ఆ ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం పోసిన చిన్న గిన్నెల పళ్ళెం వరసల్లోకి మోసుకొచ్చేది సంఘపెద్దలే. అందరికీ ఇచ్చాక చివర్లో తామూ తీసుకుంటారు. మామగారు అందరికీ ఇచ్చారు, తన గిన్నె మాత్రం ముట్టుకోకుండా పళ్ళెంలోనే వదిలేసి వచ్చి కూర్చున్నారు. లోపల కల్మషం పెట్టుకుని ఆ గిన్నె ఎత్తకూడదని మాకందరికీ నేర్పింది ఆయనే. పై నెలా అంతే. ఊరు ఊరుకుంటుందా? మళ్ళీ చుట్ట పట్టాడని కొందరు, పొదిలిలో రెండో సంసారం ఉందని కొందరు. ఆయన మొహం చూడకపోయి ఉంటే ఆ రెండో సంసారానికి ఒక పాడిగేదెను కూడా నేనే కల్పించి ఉండేదాన్ని. అన్నం ముందు కళ్ళు మూసుకునేవారు, మాట రాక తెరిచేసేవారు. ఆ ఇంట్లో పులుసు వేడివేడిగా తినడం అప్పుడే మొదలైంది, ఎవరికీ సయించలేదు. పాస్టరయ్యగారు ఇంటికొచ్చి అడిగితే, పెద్దరికం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమన్నారు. ఇంక ఆ గిన్నె ఎత్తే యోగం తనకి లేదేమోనన్నారు.

రెండో కోత కాయ చూడ్డానికి సాయిబుగారు వచ్చారు. నేను మజ్జిగ ఇచ్చి పక్కకి జరిగాను. మామగారు మంచం మీద కూర్చోలేదు, నిలబడే చెప్పారు.

"బావా, మొన్నటి కాయలో బిందెడు నీళ్ళు పోశాను."

"తెలుసులే బావా. తరుగు తీశాగా."

"అది గోతాం బరువుకని కదా?"

"గోతానికి కొంత, నీళ్ళకి కొంత. అందరికీ తీసేదే."

మామగారు చెవి మీది వేపపుల్ల తీసి చేత్తో పట్టుకున్నారు. "పొయ్యని ఏళ్ళు కూడా తీశావా?"

సాయిబుగారు గ్లాసు కింద పెట్టేశారు. "తీశాను బావా. యార్డులో నాకూ అట్టాగే తీస్తారు. పోసిందెవరో, పొయ్యందెవరో ఎవరు చూడొచ్చారు?"

గడపలో కూర్చుని ఉన్న అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం మరి. పోసినా ఒకటే, పొయ్యకపోయినా ఒకటే. ఇంక ఆ మొహం అట్టా పెట్టుకోకుండా అన్నానికి రండి."

"ఒకటి కాదే. పోస్తే ఇద్దరం దొంగలం. పొయ్యకపోతే ఒక్కడే."

"ఆ ఒక్కడూ నేనేగా బావా" అని సాయిబుగారు నవ్వబోయారు. నవ్వు రాలేదు. ఈసారి నీళ్ళ తరుగు తియ్యనులే అన్నారు, తల వంచుకుని.

"యార్డులో నీకు తీస్తారుగా. నా మూలంగా నువ్వెందుకు నష్టపోవాలి? తియ్యి" అన్నారు మామగారు.

రెండో కోతకి అత్తగారు చెంబులో వేళ్ళు ముంచి, సణుక్కుంటూనే చిలకరించింది. సాయిబుగారు తరుగు తీశారు, కాటా వంక చూడకుండా. పై నెల మొదటి ఆదివారం మామగారు గిన్నె ఎత్తారు. ఒక చుక్క తెల్లచొక్కా మీద పడింది. ఎందుకు మానారో, ఎందుకు మళ్ళీ తీసుకున్నారో ఊరికి చివరిదాకా తెలియలేదు. పొదిలి సంసారం వదిలేశాడు కాబోలని సరిపెట్టుకుంది. ఆ తరవాత ఆయన బతికినన్నాళ్ళూ మా కాయ బిందెనీళ్ళు ఎరగకుండానే కాటాకెక్కింది, తడికాయతో సమానంగానే కోత పడింది. అత్తగారు పోయేదాకా అలా కోతలో పోయిన బస్తాలు తలుచుకుంటూనే ఉంది, ఆమె బాధ అబద్ధమని నేననను.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. కళ్ళలో, మోకాళ్ళలో, కథ చెప్పే ఓపికలో నాకూ కొంచెం కొంచెం కోత పడుతూనే ఉంది. కాలం పోసినవాడి దగ్గరా, పొయ్యనివాడి దగ్గరా ఒకేలా తరుగు తీస్తుంది. అది తెలిసి కూడా తన వంతు నిండుగా తూచి ఇచ్చిన మనిషిని మాత్రం నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.