డ్రిల్లు మాస్టారి రేడియో సాయంత్రాలు

బందరులో మా సందు చివర ఉండే డ్రిల్లు మాస్టారు మొన్న పోయారు. పొద్దున్నే పాలు పోయించుకుంటుంటే తెలిసింది. సంతాపసభలో, మైకు దొరికితే చాలనుకునే ఒక పెద్దమనిషి ఆయన్ని మృదుస్వభావి అన్నాడు. మాస్టారు విని ఉంటే ఆ మనిషిని ఎండలో గ్రౌండు చుట్టూ పరుగెత్తించేవారు. ఆయన తిట్లు తిని పెరిగినవాణ్ని. మనసొప్పక ఇది రాస్తున్నాను.

సాయంత్రమైతే ఆయన అరుగు మీద ట్రాన్సిస్టరు, చుట్టూ మేం నలుగురం. మొదట కచేరీ, తర్వాత నాటిక, ఆఖర్న సాంస్కృతిక ప్రసంగం. చీవాట్లు మాత్రం మూడింటికీ సమానం. గాయకుడు రాగం తీస్తుంటే, "తాళంచెవి పారేసుకున్నవాడిలా గుమ్మంలోనే ఎంతసేపయ్యా!" నాటికలో నాయిక విలపిస్తే, "ఏడవట్లేదురా, ఏడుపు చదువుతోంది." ప్రసంగమంటే మరీ చులకన: "ఇందులో వీడి సొంతది దగ్గొక్కటే."

ఒకసారి నన్ను గుడివాడలో నాటకానికి తీసుకెళ్లి, మొదటి అంకంలోనే లేపి బస్సెక్కించారు. మిగతా అంకాలన్నీ బందరు వచ్చేదాకా సీట్లో కూర్చుని తానే ఆడారు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి చూశాడు. బడిలో నేను నేర్చింది తక్కువ. నా చదువంతా ఇలాంటిదే. సరే, రేడియో దగ్గరికొస్తాను.

కిందటి వానాకాలం, కచేరీ మధ్యలో సెల్స్ అయిపోయి రేడియో మూగబోయింది. నేను లేవబోతుంటే మాస్టారు మొహం చిట్లించారు.

"విన్నావుట్రా? వయొలిన్ మీద కొబ్బరి కోరుతున్నాడు!"

మేం బిగుసుకుపోయాం. ఆయనకి వినపడటం లేదు. ఎన్నాళ్లుగానో! మా మాట ఆయన ఏనాడూ విన్నది లేదు గనక మాకు తేడా తెలియలేదు.

మా నలుగురిలో ఒకడైన పక్కింటి బావ నోరు తెరిచాడు. మాస్టారి చేత అందరికన్నా ఎక్కువ మాటలు పడ్డవాడు. అతను ఒక్క మాట అంటే చాలు, రేపటికి సందంతా నవ్వుతుంది. మాస్టారి దర్జా అంతా ఆ నోటి దగ్గర ఆగింది.

"వద్దు బావా," అన్నాను గొణుగుతూ.

బావ ముందుకు వంగి, పెదాలు కనబడేలా గట్టిగా అన్నాడు: "మృదంగం మాత్రం బావుంది కదండీ, మాస్టారూ!"

"నీ మొహం! మృదంగమా అది? రేకుడబ్బా!"

ఎంత సంబరంగా అన్నారో. అని, మోకాలి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టారు. బయట చినుకులు పడుతున్నాయి. మాకు వినపడని ఆ కృతికి ఆయన చెయ్యి ఎక్కడా తడబడకుండా లేస్తోంది, వాలుతోంది. అది ఆగేదాకా మాలో ఒక్కరూ అరుగు దిగలేదు.