నేను కదపని తాడు

ప్రభువునందు ప్రియులైన సహోదర సహోదరీలారా, సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు ఎన్నోసార్లు అడిగారు, నాకే నోరు రాలేదు, ఎందుకంటే నా సాక్ష్యంలో నా తమ్ముడు దానియేలు బతికి రాడు.

మేము హౌరాలోని టికియాపారాలో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా తాతలు చేసిన మురుగుకాలువ పనే మేమూ చేశాం. మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడి నడుముకు తాడు కడతారు, లోపల ఊపిరాడకపోతే వాడు తాడు కదపాలి, పైనున్నవాడు లాగాలి. తాడుకో మనిషి ఉండాలి. ఆ రోజు ఎర్రజెండాల ఊరేగింపు ఆ వీధిలోకి వచ్చేలోగా పని ముగించాలన్న తొందరలో లోపలికి దిగిన నా తాడూ తమ్ముడి తాడూ మేనమామ గంగయ్య ఒక్కడే పట్టుకున్నాడు. లోపల విషవాయువు కమ్మేసింది. మామ నన్ను ముందు లాగాడు, బతికాను. దానియేలును లాగేసరికి ప్రాణం లేదు.

ఆరాధనలో పాట ఎత్తుకునేది వాడు, మందిరం గడప తొక్కనివాణ్ణి నేను. స్పృహ తప్పాక ఏం జరిగిందో నాకు గుర్తులేదు, నేనే ముందు తాడు కదిపి ఉంటాను, అందుకే మామ నన్ను లాగాడు, నా ప్రాణం కోసం తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను అని కుమిలిపోయాను, తాగాను, అమ్మ మొహం చూడలేక హౌరా స్టేషన్లో పడుకున్నాను. అమ్మ మాత్రం, "ప్రభువా, ఒకణ్ణి నీకాడ ఎట్టుకున్నావు, ఈ రెండోవోణ్ణి ఒగ్గేయకు నాయనా" అని ఏడుస్తూనే ఉండేది.

చివరికి మామ మంచాన పడ్డాడని తెలిసి చూడబోయాను, ఆ తాడు సంగతి అడిగేశాను. ఆయన నాకేసి తిరిగాడు.

"ఏటి, నువ్వు కదిపినావనుకున్నావా? నువ్వూ కదపనేదురా, ఆడూ కదపనేదు. రెండు తాళ్ళూ వదులుగానే ఉన్నాయి. బయమేసి లాగబోతే నా సెయ్యి నీ తాడు మీద పడింది. నీదే ఎందుకో నాకూ తెల్దు."

సహోదరులారా, అక్కడే కూలబడి ఏడ్చాను. నేను పిలవలేదు, పిలిచే స్థితిలోనే లేను, శవంలా పడి ఉన్నాను. నాలో మంచి చూసి లాగాడందామా, మంచివాడు నా పక్కనే ఉన్నాడు. లోకం పుట్టకముందే నన్ను ఏర్పరచుకున్న దేవుడు నేను అడగకుండానే లాగాడు. ఆ సాయంత్రమే అమ్మ పక్కన మోకరించాను, తాగుడు మళ్ళీ నా జోలికి రాలేదు.

నాదే ఎందుకన్న ప్రశ్నకు ఈ రోజుకీ జవాబు లేదు. తమ్ముడు ప్రభువు దగ్గరున్నాడని నమ్ముతున్నాను, అయినా పాట మొదలైతే వాడి గొంతు కోసం వెతుక్కుంటాను. దేవునికే మహిమ. మీలో ఎవరైనా పిలిచే బలం కూడా లేక పడి ఉంటే భయపడకండి, ఆయనను నమ్మండి. తాడు రెండో కొస ఆయన చేతిలో ఉంది.