పడేసి చూసి కొన్న బండి

ముందే చెప్పేస్తున్నాను. నేను చీమను చూస్తే ఏనుగును చూశానని చెప్పే మనిషిని. మా ఆవిడ నా మాటల్లో ముప్పావు వంతు తరుగు తీసేసి మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే కానివ్వండి.

నిన్న సాయంత్రం హుస్సేనీ ఆలం మలుపులో స్పీడ్ బ్రేకర్ మీద నా పాత బండి ఎగిరింది. వెనక కట్టిన అట్టపెట్టెలో గాజులన్నీ ఒక్కసారిగా ఘల్లుమన్నాయి. ఆ చప్పుడుకు చార్మినార్ గడియారాలు నాలుగూ ఆగి విన్నాయి. నాకు మాత్రం శకుంతలమ్మ గొంతు వినిపించింది. "ఏమిరా యాదగిరీ, గాజులు మోస్తున్నవా, కంకర మోస్తున్నవా?" ఆమె పోయి కొన్నేళ్లయింది గానీ ఆ గొంతుకు మా దుకాణంలో ఇంకా సెలవు దొరకలేదు.

లాడ్ బజార్‌లో గాజుల టోకు దుకాణం ఆమెది. నేను అందులో గుమాస్తాను. ఆమె భర్త, మా సేటు, మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేకపోయాక గల్లా మీద ఆమే కూర్చుంది. మనిషి నా మోచేయంత ఎత్తు, గొంతు మాత్రం మదీనా చౌరస్తా దాకా. రెండు చేతులకూ మోచేతుల వరకు పచ్చటి మట్టిగాజులు. "మన చేతులే మన దుకాణం బోర్డు" అనేది. ఆమె చెయ్యి ఊపి బేరం చేస్తే ఎదుటివాడికి ఆ మోతలో తన ధర తనకే వినిపించేది కాదు.

అడవి అంచున గుట్ట మీద జరిగే జాతరలో ఆమె తల్లి వైపు వాళ్లకు గాజులు అమ్ముకునే జాగా ఒకటి ఉండేది. రెండు గోనెసంచులు పరిచేంత చోటు. అక్కడి కట్టుబాటు ఏమిటంటే, జాతర మొదలైన పొద్దున ఆ ఇంటి ఆడమనిషి స్వయంగా వచ్చి, తన చేత్తో ఒకరికి గాజులు తొడగాలి. రాకపోతే ఆ జాగా ఇంకొకరిది. తాడుకు గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని అమ్మమ్మా, అమ్మా నడిచి వెళ్లి నిలబెట్టిన చోటు అది. ఈ బండి కొన్న ఏడు, వానలకు గుట్ట దారి కొట్టుకుపోయింది. బస్సు వాగుకు చాలా ఇవతలే ఆగిపోతోంది. ఆటోవాళ్లు దండం పెట్టేశారు.

"ఒక్క ఏడు వదిలెయ్ రాదే" అన్నాడు సేటు.

"మా అమ్మ కూసున్న జాగా వదలాల్నా?" అని ఆమె నావైపు తిరిగింది. "నీకు బండి నడుపుడొస్తది గద. రేపు కొంటున్నం. మన గల్లీల తిరగాలె, గుట్టా ఎక్కాలె. రెంటికీ ఒకటే బండి."

షోరూంలో అడుగుపెట్టగానే నేను ప్రేమలో పడ్డాను. ఒంటె అంత ఎత్తు, ముందు గద్ద ముక్కు, పక్కన ఇనుప పెట్టెలు. దాని మీద కూర్చుంటే గోల్కొండ కోట కనిపించింది, కోట మీద నిలబడ్డవాళ్ల మీసాలు కూడా.

"మేడమ్, ఇది మంచుకొండలు ఎక్కుతుంది" అన్నాడు మేనేజరు.

"మంచుకొండల మీద గాజులెవరు కొంటరయ్యా? కింద పడెయ్."

"ఏంటండీ?"

"బండిని పండవెట్టు. మా యాదగిరి లేపుతడు. పడని బండి యాడన్న ఉందా? రాళ్లల్ల పడితే లేపనీకి నువ్వొస్తవా?"

రంగు గీసుకుపోకుండా ఆమె ఇంటి నుంచే గోనెసంచులు తెచ్చింది. మేనేజరు దుఃఖంతో, సొంత బిడ్డను పడుకోబెట్టినట్టు, బండిని వాటి మీద వాల్చాడు. నేను పట్టి లేపబోయాను. నా నడుములో దీపావళి జరిగింది. బండి మాత్రం కదల్లేదు. తర్వాత స్కూటర్ వంతు. అది సులువుగానే లేచింది గానీ ఆమె దాని చక్రాలు చూసి పెదవి విరిచింది. "ఇవి మన గాజుల సైజే ఉన్నయి. గుంతల పడితే మల్ల దొరుకయి."

చివరికి మూలన ఉన్న దాన్ని పడేయించింది. సన్నటి బండి. పెద్ద ముందు చక్రం, నీళ్లు తగలకుండా పైకెత్తిన సైలెన్సరు, కింద పిల్లి నడిచిపోయేంత ఖాళీ. రంగు బురద రంగు, రూపం ఆకలేసిన మిడత. ఒక్క ఊపులో లేపాను. ఆమె పీట తెప్పించుకుని వెనక ఎక్కింది. లాడ్ బజార్ సాయంత్రపు రద్దీలో, తోపుడుబండికీ పెళ్లి బేరాల గుంపుకూ మధ్య, కాలు కింద పెట్టకుండా తిప్పి చూపించాను.

"అమ్మా, దీన్ని చూస్తే బజారంతా నవ్వుతది" అన్నాను, గద్ద ముక్కు మీద ఆశ చావక.

"నవ్వనియ్. నవ్వెటోళ్లు గుట్ట దాక వస్తరా?"

జాతర పొద్దున వాగు హుస్సేన్ సాగర్ అంత అయి మా కోసం ఎదురుచూస్తోంది. మా మిడత ఒక్క ఎగురు ఎగిరి అవతలి ఒడ్డున వాలింది. పెట్టెలో ఒక్క గాజు చిట్లలేదు. శకుంతలమ్మ గోనె పరిచి, లేత ఎండలో ఒక ముసలమ్మకు గాజులు తొడిగింది. ఆ జాగాలో పాతుకుందామని గుంజ పట్టుకుని నిలబడ్డవాళ్లు దాన్ని భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఇక తరుగు తీయాల్సిన చోటుకు వచ్చాం. జాగా నిజం, గుంజ నిజం, షోరూంలో బండ్లు పడేయించడం కూడా నిజం. నేను కల్పించింది వాగు దాటిన తీరు ఒక్కటే. మేం ఎగరలేదు. మోకాలి లోతు నీళ్లలో ముందు చక్రం పాచి రాయి మీద జారింది. బండీ, నేనూ, ఆమే, పెట్టే అందరం పడ్డాం. పెట్టె నిండా పచ్చటి పెంకులు. నేను నీళ్లలోనే కూలబడి "అయిపోయిందమ్మా, వాపస్ పోదాం" అన్నాను.

ఆమె కొంగు పిండుకుంటూ నన్ను చూసింది. "కూసున్నవేంది? లేపు."

లేపాను. ఒక్కణ్నే లేపాను.

గుట్ట మీద ఆమె తన చేతుల గాజులే ఒక్కొక్కటిగా తీసింది. తడి చేతులు కదా, సులువుగానే వచ్చాయి. చేతికొకటి మాత్రం ఉంచుకుంది, సేటు కోసం.

"నీయన్నీ నాకేస్తివి, నీకేం మిగిలినయి బిడ్డా?" అంది ముసలమ్మ.

"జాగా మిగిలింది అవ్వా."

తిరుగు దారిలో నా భుజం మీద చేయి వేసి కూర్చుంది. అంత మోత చేసే మనిషి అంత చప్పుడు లేకుండా ప్రయాణం చేసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత నేను బండి మీద, బండి లేకుండా కూడా, చాలాసార్లు పడ్డాను. పడ్డ ప్రతిసారీ "కూసున్నవేంది? లేపు" అన్న ఆ రెండు మాటలూ వీపు మీద తట్టాయి.

నిన్నటి పెట్టె ఈ ఏటి జాతరకే. రేపు పొద్దున శకుంతలమ్మ కూతురు వెనక కూర్చుంటుంది. ఇందాక దుకాణంలో చూశాను, రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు వేసుకుంది. వేసుకొమ్మని నేను చెప్పలేదు.