అయ్యవారు తవ్విన వాకిళ్ళు

మా అయ్యవారు పోయారని మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మా గుడిసెలు కాల్పించిన ఉప్పుమళ్ళ యజమాని తొంభై ఏళ్ళకూ గుండ్రాయిలా తిరుగుతున్నాడు. తీసుకుపోవలసినవాణ్ణి వదిలేసి దేవుడు ఈయన్ని తీసుకుపోయాడు! విచారణకు ఇంకా పది రోజులే ఉన్నాయి.

సంగతి తెలియనివారికి చెబుతాను. అల్లూరుకు తూర్పున సముద్రం పక్క ఉప్పుమళ్ళలో మావాళ్ళు కూలిపని చేసేవాళ్ళు. మళ్ళ మధ్య దిబ్బ మీద పన్నెండు గుడిసెలు. నలభై ఏళ్ళ కిందట, నేను పుట్టిన ఏడాదే, తాగడానికి మంచినీళ్ళు కావాలని అందరూ పని ఆపేశారు. తొమ్మిదో రోజు గుడిసెలు తగలబడ్డాయి. యజమాని మనుషులు మొండిగోడలు పీకి, పైన చవుడు మట్టి తోలి చదును చేశారు. ఇప్పుడక్కడ యజమాని రొయ్యల గుంటలు వేసుకోవాలట, మేము అడ్డుపడితే విచారణ వేశారు. "ఆ దిబ్బ మింద ఎవురూ కాపరం లేరు. సమ్మె లేదు, మంటా లేదు" అని అధికారులకు చెప్పాడు. మా అమ్మ చేతి మీద కాలిన మచ్చ చూస్తూనే చెప్పాడు ఆ మాట.

అయ్యవారు మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పారు. ఈ అబద్ధం విన్నాక, రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషి అధికారుల దగ్గర అనుమతి కాగితం తెచ్చుకుని, వాళ్ళింటి పిండిజల్లెడ, పెయింటు బ్రష్షు పట్టుకుని దిబ్బ ఎక్కారు. దొరికిన ప్రతి పెంకు మీదా ఇంకుతో నెంబరు వేసి ఊరగాయ జాడీలో దాచేవారు. నేను కసిగా గడ్డపార దించితే చేయి పట్టుకునేవారు.

"కోపం నీ దగ్గరే పెట్టుకో అమ్మణ్ణీ, గడ్డపారకి ఇవ్వబాకు. సాక్ష్యం పగిలిపోద్ది."

ఈయనకు కోపమే లేదేమోనని లోలోపల తిట్టుకునేదాన్ని.

మూడు వారాలు తవ్వినా బొగ్గూ పెంకులూ తప్ప ఏమీ తేలలేదు. వాటిదేముంది, దారినపోయేవాళ్ళెవరో వండుకు తిన్నారంటాడు యజమాని. ఆ రోజు మజ్జిగ తెచ్చిన అమ్మ గట్టు మీద కూర్చుని ఫక్కున నవ్వింది.

"ఇన్ని దినాలుగా తవ్వతా ఉండారే, ఒక్క ఆడమనిషినన్నా అడిగినారా అయ్యోరా?"

"ఏమని అడగాలమ్మా?"

"కాన్పయినాక బిడ్డ మాయ యాడ పూడ్చినారని."

మాలో మాయను చిన్న కుండలో పెట్టి, కుక్కలు లాగకుండా మోకాలి లోతున, వాకిట్లో గడప పక్కనే పూడుస్తారు. అది ఆడవాళ్ళ పని, మగవాడు అటు తొంగిచూడడు. దిబ్బ చదును చేయించినవాళ్ళంతా మగమహారాజులే! అమ్మ అడుగులు వేసి చూపిన చోట తవ్వితే, చెదరని నల్లటి బూడిద పొర కింద మూత పెట్టిన కుండ. అది నాది.

"బూడిద కింద కుండ. ముందు కాపరం, తర్వాత మంట" అంటూ అయ్యవారు రాసుకున్నారు. పెన్ను జేబులో పెట్టి, పళ్ళు బిగించి, "కాగితం వాడిది, బూడిద మనది. వాణ్ణి వదలబాకు" అన్నారు. మిగతా పదకొండూ అధికారుల ఎదుటే తీయాలని, అందాకా ఎవరూ ముట్టుకోకూడదని ఒట్టు వేయించుకున్నారు. ఆయన కోపం ఎంతటిదో నాకు అప్పుడు తెలిసింది.

విచారణ రోజు యజమాని దిబ్బ మీద కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చున్నాడు.

"ఆ అయ్యోరే కుండ తెచ్చి పూడ్చినాడు సార్. కాదని ఇప్పుడొచ్చి చెప్పమనండి" అని నవ్వాడు.

నేను నోరు తెరిచేలోపే మా వాడ ముసలమ్మలు లేచారు. చనిపోయినవాళ్ళకు బదులు వాళ్ళ కూతుళ్ళు లేచారు. తలా ఒక చోటికి నడిచి నిలబడ్డారు. "ఇది మా వాకిలి. తవ్వండి" అన్నారు. ఒక్కో కుండా బూడిద కింద నుంచే వచ్చింది. అయిదోది బయటపడగానే అధికారి గుమాస్తాతో, "కాపురాలు ఉన్నట్టు, తగలబడినట్టు రాయండి" అన్నాడు.

అమ్మ యజమాని ముందుకు వెళ్ళింది.

"పెద్దాయనా, నువ్వు కుర్చీ ఏసింది మా పొయ్యి మింద. లెయ్యి."

లేచాడు. ఆయన కొడుకు కుర్చీని పక్కకు జరిపాడు. "అది మా అత్త పక్కేసుకునే తావు" అంది ఒకామె. ఇంకా జరిపాడు. "ఆడ నా బిడ్డకి ఉయ్యాల కట్టినా" అంది మరొకామె. నా కడుపు చల్లబడింది. జరిగి జరిగి ఆయన దిబ్బ దిగిపోయాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీలమండల లోతు ఉప్పునీళ్ళలో, ఎండలో నిలబడ్డాడు.