మాచర్లలో కప్ప బండి చల్లారేదాకా

మా చేను వెల్దుర్తికి రెండు కిలోమీటర్ల అవతల, వాగు దాటాక గట్టు వాలులో ఉంటుంది. ట్రాక్టరు వాగు దాకానే వస్తుంది. అక్కడి నుంచి పైకి రాళ్ల దారి. అందుకని నిరుడు, మూతపడిన ఒక రిసార్టు వాళ్లు అమ్ముతుంటే నాలుగు చక్రాల చిన్న బండి ఒకటి పాతది కొన్నాం. కాగితాల్లో ఏటీవీ అని ఉంది. మా ఊళ్లో కప్ప బండి అంటారు. కూర్చున్న తీరూ గెంతే తీరూ అలాగే ఉంటాయి. వెనక చిన్న ట్రాలీ తగిలిస్తే ఒక్కో విడతకు మూడు బస్తాల మిరపకాయలు కిందికి తెస్తుంది. ఇలాంటి బండ్లు చుట్టుపక్కల మరో నాలుగైదు వచ్చాయి. సర్వీసింగుకు ఎక్కడికి తీసుకెళ్లాలని వాటిని కొన్నవాళ్లలో కొందరు అడుగుతున్నారు కాబట్టి, మొన్న మార్చిలో నేను మాచర్ల వెళ్లొచ్చిన రోజు గురించి రాస్తున్నాను.

నిజానికి ఆ రోజు వెళ్లాలని అనుకోలేదు. కోసిన కాయ, ఆ రోజు కోయబోయేది కలిపి పదకొండు బస్తాలు చేను దగ్గర తేలుతుంది. సాయంత్రానికి జల్లులు పడొచ్చని తెల్లవారుజామునే ఫోనుకు మెసేజ్ వచ్చింది. పండుకాయ తడిస్తే రంగు పోయి తాలవుతుంది, తాలుకాయను సగం ధరకు కూడా అడగరు. పట్టా కప్పినా లాభం లేదు, వాలు మీద నీళ్లు బస్తాల అడుగు నుంచి వస్తాయి. వాటిని కిందికి, కల్లంలోని రేకుల షెడ్డుకు చేర్చాలి. ఆరింటికి బండి తీస్తే ఖాళీ ట్రాలీతోనే ఎత్తు మీద రెండుసార్లు ఆగిపోయింది. పది రోజులుగా పొద్దున్నే స్టార్టు కావడానికి సతాయిస్తూనే ఉంది. "ఇంజనుకేం కాలేదు. ముందు టిక్కు టిక్కుమనేది, ఇప్పుడు ఎంత నున్నగా ఉందో చూడు" అన్నాడు మా ఆయన. ఆయనకు నడుం నొప్పి, బస్తా ఎత్తలేడు. కోతకు వచ్చిన ఆడవాళ్లను ఆ రాళ్ల మీద నలభై కేజీల బరువు మోయమనలేం. ఆయన కోత దగ్గర ఉండేట్టు, నేను బండిని చూపించుకొచ్చేట్టు అనుకున్నాం.

ఈ బండికి రోడ్డు మీద తిరిగే రిజిస్ట్రేషన్ ఉండదు. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాల్సిందే. మా చిన్న ట్రాలీని వాగు దగ్గర వదిలి, అక్కడి నుంచి రోడ్డు దాకా బండిని ఎలాగో నడిపి తెచ్చాను. మా వీధి కోటయ్య ఆటో, రానూపోనూ పద్నాలుగు వందలు, రెండు చెక్కపలకలు ఆయనవే. ఏడున్నరకు బయలుదేరాం. దారి పొడవునా నేను ఆకాశం వైపే చూస్తున్నాను. ఎక్కడా మబ్బు లేదు, ఉక్క మాత్రం ఉంది, అదే నాకు నచ్చలేదు.

"వదినా, కాళ్లు కదిలిస్తే ఆటో ముందుకు పోదు" అన్నాడు కోటయ్య.

"నువ్వు కొంచెం తొక్కరాదా?"

"తొక్కితే నీ కప్ప దూకి పొలాల్లో పడుద్ది. అప్పుడు ఇద్దరం ఎతుక్కోవాలి."

ఎనిమిదిన్నరకు మాచర్లలో దిగాం. మెకానిక్ మస్తాన్ షెడ్డు బస్టాండు నుంచి నడిస్తే పది నిమిషాలు. యాభై ఏళ్ల మనిషి, మొదట్లో మోటారు సైకిళ్లు మాత్రమే చేసేవాడట. మాటకు ముందు చెయ్యి పెడతాడు. నా బండి ఇంజను మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు.

"పొద్దున తోలావా చెల్లెమ్మా?"

"గట్టు ఎక్కిద్దామని చూశా భాయ్. ఎక్కలా."

"తోలకుండా తెచ్చుంటే ముందు వాల్వులు చూసేవాణ్ణి. అయి చల్లగా ఉన్నప్పుడే చూడాల. ఆయిలు మాత్రం వేడిగా ఉన్నప్పుడే దించాల. సరే, ఆయిలుతో మొదలెడదాం."

కింద బోల్టు విప్పితే నల్లటి ఆయిల్ కారింది. వేలికి రాసుకుని చూసి, ఇది ట్రాక్టరు ఆయిలు కదా అన్నాడు. అవును, ఇంట్లో మిగిలింది పోశాం. ఈ బండికి క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటాయనీ, ట్రాక్టరు ఆయిల్‌తో అవి జారతాయనీ, మోటారు సైకిల్ ఆయిలే పోయాలనీ చెప్పాడు. కొత్త డబ్బా నాలుగు వందల ఇరవై. ఆయిలు వడకట్టే జాలీ కడిగాడు, ప్లగ్గు గీకి బిగించాడు. తర్వాత ఎయిర్ ఫిల్టరు తీసి బయట రోడ్డు పక్కకు తీసుకెళ్లి గాలి పైపు పెట్టాడు. ఎర్రటి దుమ్ము లేచింది. మొదట నేను తుమ్మాను, తర్వాత ఎదురుగా టీ తాగుతున్న ముగ్గురు, ఆ తర్వాత మోటార్ల కొట్టు శెట్టిగారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చారు.

"ఏంది మస్తానూ, బజారంతా పోపు పెడతన్నావా?"

"నాది కాదు శెట్టిగారూ, వెల్దుర్తి కారం. ఊరికే వచ్చింది, పీల్చుకోండి."

కల్లం చుట్టూ తిరిగే బండికి మట్టి ఒక్కటే కాదు, మిరప పొడి కూడా ఫిల్టరులోకి పోతుంది. పదిహేను రోజులకొకసారి కడగాలట. మేము కొన్నప్పటి నుంచి ఒక్కసారీ విప్పలేదు.

తొమ్మిదిన్నరకల్లా ఆ పనులన్నీ అయిపోయాయి. కొత్త ఆయిలు పోసి, ఇక వాల్వులేనన్నాడు. ఇంజను పూర్తిగా చల్లారాలి, మూడు గంటలు పడుతుందని చెప్పి ఇంకో బండి పని పట్టుకున్నాడు. ఆయన పద్ధతేమిటంటే, మూల నేల మీద నెలల తరబడి ఆడని పాత ఇంజను ఒకటి ఉంది. ఒక చెయ్యి దాని మీద, ఒక చెయ్యి మన బండి మీద పెడతాడు. రెండు చేతులకూ తేడా తెలియనప్పుడే రెంచి తీస్తాడు.

నేను టీ తెప్పించి ఆయనకూ ఒక గ్లాసు ఇవ్వబోయాను. రంజాన్ నెల, రోజా ఉన్నానన్నాడు. గొంతు తడుపుకోకుండా ఆయన పని చేసుకుంటున్నాడు, నేను మాత్రం కూర్చోలేకపోతున్నాను. లేచి రోడ్డు మీదికెళ్లి ఆకాశం చూడటం, వచ్చి బండి చూడటం. పదకొండింటికి పడమటి వైపు మసక కమ్మింది. మా ఆయన ఫోను చేశాడు.

"ఏమే, ఇంకా ఎంతసేపు? గాలి తిరిగింది ఇక్కడ."

"చల్లారాలంట."

"అది చల్లారేలోపు కాయ తడుస్తది."

పదకొండున్నరకు మస్తాన్ ఏదో వాషరు కోసం పక్క వీధికి వెళ్లాడు. ఫిల్టరు కడిగాం, ఆయిలు మార్చాం, బాగైపోయి ఉంటుందేమో, వాల్వులతో పని లేకుండా తీసుకెళ్లిపోవచ్చేమో అనిపించింది. తాళం బండికే ఉంది. స్టార్టు చేశాను. రెండో నొక్కుకే అందుకుంది. యాక్సిలరేటరు ఇచ్చి విన్నాను. మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా ఆడింది. రెండు నిమిషాలు కూడా ఉండదు, ఆపేశాను.

మస్తాన్ వచ్చి, అలవాటుగా రెండు చేతులూ పెట్టాడు. ఒక చెయ్యి వెనక్కి తీశాడు.

"ఎవురు స్టార్ట్ చేశారు?"

"నేనే భాయ్. రెండు నిమిషాలు. నున్నగానే ఉంది, ఏ శబ్దమూ లేదు."

"అదే రోగం చెల్లెమ్మా. వాల్వు కాస్త టిక్కు టిక్కుమంటే భయం లేదు, సందు ఉందని అర్థం. నోరు మూసుకుందంటే సందు లేదు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోక లోపల కాలిపోతా ఉంటది. ఇట్టాగే గట్టు ఎక్కించావా, వారంలో హెడ్డు విప్పాల. కాయల పని చెడుద్ది, ఇంజనూ చెడుద్ది." తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "మళ్లీ మొదటికొచ్చింది. పోయి అన్నం తిని రా."

బస్టాండు దగ్గర మెస్సులో భోజనం తొంభై రూపాయలు. పప్పు, గోంగూర, మజ్జిగ. వడ్డించే ఆవిడ నన్ను చూసి, "నెమ్మదిగా తినమ్మా, బస్సెక్కడికీ పోదు" అంది.

"బస్సు కాదక్కా. ఇంజను చల్లారాల."

"అయితే ఈ అన్నం చల్లారకముందే తిను."

తిన్నాక రైల్వే స్టేషను దాకా నడిచాను. రైలు మార్గం అక్కడితో ఆఖరు. ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు తిరిగి మళ్లీ షెడ్డుకు వచ్చాను. ఒంటిగంటన్నరకు మస్తాన్ చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు. రెండింటికీ అంతే. రెండు ఇరవైకి రెండు చేతులూ ఒకేసారి తీసి, రెంచి అందుకున్నాడు.

మూత విప్పి, సందు కొలిచే సన్నటి రేకుల గేజీ పెట్టి చూపించాడు. పొగ పోయే వైపు వాల్వు దగ్గర అన్నిటికంటే పల్చటి రేకు కూడా దూరలేదు. స్క్రూ కాస్త వదులు చేసి, రేకు పట్టీ పట్టనట్టు జారేదాకా తిప్పి, నట్టు బిగించి, మళ్లీ కొలిచాడు. పాతిక నిమిషాల పని. స్టార్టు చేస్తే సన్నగా టిక్కు టిక్కుమంది. కూలి ఐదు వందలు.

మూడింటికి బయలుదేరి నాలుగుకు వెల్దుర్తిలో దిగాం. అక్కడి నుంచి కప్ప బండి మీద వాగు దాటి, ట్రాలీ తగిలించుకుని చేను చేరేసరికి ఐదు కావచ్చింది. కోత వాళ్లు వెళ్లిపోయారు. మా ఆయన బస్తాలను దారి అంచుకు దొర్లించి పెట్టి ఉన్నాడు. మూడు బస్తాలతో దిగి, ఖాళీగా ఎక్కి, మళ్లీ మూడు. ఒక్కో విడతకు అరగంట. ఎత్తు మీద ఒక్కసారీ ఆగలేదు. మూడో విడత షెడ్డులో దింపుతుంటే ఆరుంబావుకు చినుకులు మొదలయ్యాయి, ఐదు నిమిషాల్లో వానయింది. పైన రెండు బస్తాలు మిగిలాయి. నేను బండి తిప్పబోతే మా ఆయన హ్యాండిలు పట్టుకున్నాడు.

"చాల్లే, ఎక్కమాక. రాళ్లు తడిసినయ్యి."

"రెండే కదా."

"రెండే. పోనీ."

పొద్దున వెళ్లి చూస్తే బస్తాలు అడుగు నుంచి సగం దాకా నాని ఉన్నాయి. షెడ్డు పక్కన వేరుగా ఆరబోశాం. నాలుగో రోజుకు చాలా కాయ తెల్లబారింది. మాచర్లలో అంతసేపు ఎందుకు పట్టిందని మా ఆయన అడిగితే, ఇంజను చల్లారాలన్నాడని చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ నేను స్టార్టు చేయకుండా ఉంటే పన్నెండున్నరకు మస్తాన్ రెంచి పట్టేవాడు. దాదాపు రెండు గంటలు ముందు చేను చేరేదాన్ని, పదకొండు బస్తాలూ షెడ్డులో ఉండేవి. తడిసిన ఆ రెండు బస్తాలు వాన వల్ల పోయాయని ఊళ్లో అందరూ అనుకుంటున్నారు. అవి పోయింది నా రెండు నిమిషాల వల్ల. తొమ్మిది దక్కడం మస్తాన్ వల్ల. ఆయన గనక నా తొందర చూసి వేడి మీదే వాల్వులు బిగించి పంపి ఉంటే, మొదటి విడతకే బండి గట్టు మధ్యలో ఆగిపోయేది.

వెళ్లాలనుకునే వాళ్లకు ఒక్క మాట: బండిని ముందు రోజు సాయంత్రమే మాచర్లలో దించి, రాత్రికి షెడ్డులో వదిలి ఇంటికి వచ్చేయండి. పొద్దున్నే చల్లటి ఇంజను మీద ముందు వాల్వులు చూడమని, తర్వాత కాసేపు ఆడించి ఆయిలు దించమని చెప్పండి. తొమ్మిదికల్లా బండి మీ చేతికి వస్తుంది.